నెగటివ్‌ల డిజిటలీకరణ: కెమెరా పద్ధతి

ఫిల్ము నెగటివ్‌ను తెల్లని వెలుతురు పలక మీద పరిచి, డిజిటల్ కెమెరాతో అతి దగ్గర నుంచి ఫొటో తీసి, వచ్చిన బొమ్మలోని వెలుగునీడలను, రంగులను కంప్యూటర్‌లో తిరగేసి అసలు దృశ్యాన్ని రాబట్టే పద్ధతి ఇది. దీనికి స్కానర్ అక్కర్లేదు. కెమెరా, మాక్రో లెన్సు, చిన్న ఎల్‌ఈడీ పలక, కెమెరా కదలకుండా నిలిపే స్టాండు ఉంటే ఇంట్లో టేబుల్ మీదే పని జరుగుతుంది. చేయి తిరిగాక 36 బొమ్మల రీలును కాపీ చేయడానికి అరగంట చాలు. శ్రద్ధగా చేస్తే, ఇళ్లలో వాడే మామూలు స్కానర్లు ఇచ్చే ఫలితం కన్నా ఇది మెరుగ్గా ఉంటుంది.

పద్ధతి కొత్తది కాదు. ఫిల్ము రోజుల్లోనే స్లైడ్లకు కాపీలు తీయడానికి కెమెరా ముందు బెల్లోస్ అనే ముడతల గొట్టం, దాని చివర స్లైడు పట్టే చట్రం బిగించేవారు. నికాన్ లాంటి కంపెనీలు ఇందుకు ప్రత్యేక పరికరాలే అమ్మేవి. అప్పట్లో కాపీ కూడా ఫిల్ము మీదే పడేది, ఇప్పుడు సెన్సర్ మీద పడుతోంది. 2017లో వచ్చిన నికాన్ డీ850లో నెగటివ్‌ను కెమెరాయే తిరగేసి ఇచ్చే ఏర్పాటు కూడా పెట్టారు. అది జేపెగ్ ఫైలు మాత్రమే ఇస్తుంది కాబట్టి తర్వాత రంగులు సరిదిద్దుకోవడానికి వీలు తక్కువ.

నెగటివే అసలు

ఇంగ్లండులోని లేకాక్ ఆబీలో 1835 ఆగస్టులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక కిటికీని కాగితం మీద బొమ్మగా పట్టాడు. నేటికీ మిగిలి ఉన్న నెగటివ్‌లలో అదే అతి పాతది. వెలుతురు తగిలినచోట వెండి లవణం నల్లబడుతుంది, తగలనిచోట తేటగా మిగులుతుంది. అందుకే నెగటివ్‌లో తెల్ల పంచె నల్లగా, నల్లని జడ తెల్లగా కనిపిస్తాయి. దాన్నుంచి ఎన్ని ప్రింట్లయినా వేసుకోవచ్చు. ఈ సౌకర్యమే ఫొటోగ్రఫీని సుమారు నూటయాభై ఏళ్లు నడిపించింది.

ల్యాబ్ నుంచి వచ్చిన కవర్లో ముందు అరలో ప్రింట్లు, వెనక అరలో నెగటివ్ ముక్కలు ఉండేవి. ప్రింట్లు ఆల్బమ్‌లోకి వెళ్లాయి. నెగటివ్‌లు కవర్లోనే ఉండి, బీరువా అడుగునో అటక మీదో చేరాయి. చాలా ఇళ్లలో ఇప్పుడు ఆల్బమ్‌ను స్కాన్ చేయించి పని పూర్తయిందనుకుంటున్నారు. అది పొరపాటు. ప్రింటు కాపీ మాత్రమే. ఆ రోజు ల్యాబ్‌లో మిషను దగ్గరున్న మనిషి వేసుకున్న అంచనాతో అది తయారైంది. నెగటివ్ పట్టుకున్న వెలుగునీడలన్నిటినీ కాగితం చూపలేదు. ఫ్లాష్ దెబ్బకు ప్రింటులో తెల్లగా తేలిపోయిన పట్టుచీర అంచు, పందిరి బయట ఎండలో మాయమైన జనం నెగటివ్‌లో చాలాసార్లు పదిలంగానే ఉంటాయి. 5×7 ప్రింటు వేసినప్పుడు బొమ్మకు రెండు పక్కలా కోత పడుతుంది. ఆల్బమ్‌లో సగమే కనిపించే మేనత్త నెగటివ్‌లో నిండుగా నిలబడి ఉంటుంది. కాపీ చేయాల్సింది దీన్నే.

ఏ ఫిల్ము, ఏ సైజు

ఇళ్లలో ఎక్కువగా దొరికేది 35 మి.మీ. ఫిల్ము. పక్కల చిల్లులుండే ఈ ఫిల్ము మీద ఒక్కో బొమ్మ 36×24 మి.మీ. ఉంటుంది. 1925లో మార్కెట్‌కు వచ్చిన లైకా కెమెరా దీనికి ప్రాచుర్యం తెచ్చింది. పగటి వెలుతురులోనే కెమెరాలో పెట్టుకోగల డబ్బీని కొడాక్ 1934లో ప్రవేశపెట్టింది. అంతకన్నా పాతది 120 రీలు. ఇది 1901 నుంచీ ఉంది. అగ్ఫా క్లిక్ 3 లాంటి సాదా కెమెరాలు దీని మీద 12 చదరపు బొమ్మలు తీసేవి, ఒక్కొక్కటి సుమారు 56×56 మి.మీ. ఊటీలోని ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో తయారుచేసిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మన దేశంలో స్టూడియోల చేతుల్లో నలిగింది. ఇంకా వెనక్కి వెళితే హాఫ్ ప్లేట్, ఫుల్ ప్లేట్ సైజుల్లో గాజు పలకలు వస్తాయి. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియోలో పనిచేసింది వాటి మీదే. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఇంట్లో గాజు పలక దొరికితే కాపీ చేసే తీరు ఇదే. కాకపోతే పలకను ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి, బొమ్మ ఉన్న మసక వైపు ఏదీ తగలనివ్వకూడదు. 1950ల తొలినాళ్లకు ముందు నాటి ఫిల్ము విషయంలో మరో జాగ్రత్త ఉంది. అప్పటి కొన్ని ఫిల్ములు సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసినవి, తేలిగ్గా అంటుకుంటాయి. అంచున ఇంగ్లిషులో 'సేఫ్టీ' అని ఉంటే ఆ భయం లేదు. అనుమానమొస్తే ఆ ఫిల్మును వేడికి దూరంగా విడిగా ఉంచి, తెలిసినవారికి చూపించాకే ముట్టుకోవాలి.

కాలం తినేస్తున్న ఫిల్ము

నైట్రేట్ ప్రమాదం పోవాలని తెచ్చిన సెల్యులోజ్ ఎసిటేట్‌కు దాని జబ్బు దానికుంది. తేమకు, వేడికి ఆ ప్లాస్టిక్ విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. కవరు తెరవగానే వెనిగర్ వాసన కొడుతుంది. అందుకే దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. ఆమ్లం పుట్టేకొద్దీ విడిపోవడం ఇంకా వేగమవుతుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, బొమ్మ ఉన్న జెలటిన్ పొర ముడతలు పడి లేచిపోతుంది. సెల్యులోజ్ ట్రైఎసిటేట్ 1948లో వచ్చింది. పదేళ్లు తిరక్కముందే ఈ జబ్బు గురించి కొడాక్‌కు మొదటి ఫిర్యాదు అందింది. పంపింది భారత ప్రభుత్వం. వేడి, తేమ ఎక్కువున్న గదుల్లో ఉంచిన ఫిల్ములు ముందుగా ఇక్కడే చెడిపోయాయి. కోస్తా ఊళ్లలో అటకల మీదున్న నెగటివ్‌లు ఏ గాలిలో బతుకుతున్నాయో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

కలర్ నెగటివ్‌లో మిగిలేది వెండి కాదు, రంగులు. అవి చీకట్లో ఉన్నా మెల్లగా వెలిసిపోతాయి. మూడు రంగులూ ఒకే వేగంతో వెలవవు కాబట్టి బొమ్మ క్రమంగా ఒక రంగువైపు ఒరుగుతుంది. ఇక గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే జెలటిన్ మీద బూజు మొలుస్తుంది, దానికి అదే తిండి. కాబట్టి ముందు ఏ రీలు కాపీ చేయాలన్నది పెళ్లి ఫొటోలా, యాత్ర ఫొటోలా అన్నదాన్ని బట్టి నిర్ణయించకూడదు. వాసన వస్తున్నవి, వంకర తిరుగుతున్నవి ముందు కాపీ చేయాలి. వాటిని మిగతావాటి నుంచి వేరుగా పెట్టాలి, ఆ ఆమ్లపు ఆవిరి పక్కనున్న ఫిల్మునూ పాడుచేస్తుంది.

స్కానర్లతో పోలిక

ఫిల్ముకోసమే తయారైన స్కానర్లలో పేరున్నవి నికాన్ కూల్‌స్కాన్‌లు. అవి అంగుళానికి 4000 చుక్కల వరకు చదివేవి. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాతవి దొరికినా మరమ్మతు కష్టం, కొత్త కంప్యూటర్లకు కలపడం ఇంకా కష్టం. ఫిల్ము పెట్టే వీలున్న ఫ్లాట్‌బెడ్ స్కానర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పెద్ద నెగటివ్‌లకు అవి బాగానే పనిచేస్తాయి. 35 మి.మీ. ఫిల్ము దగ్గరే వాటి బలహీనత బయటపడుతుంది. పెట్టె మీద 6400 డీపీఐ అని రాసి ఉన్నా, బొమ్మలో నిజంగా విడిపడి కనిపించే వివరం అంతకన్నా చాలా తక్కువ.

కెమెరా లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బొమ్మ పొడవునా 6000 పిక్సెళ్లుంటాయి. 36 మి.మీ. నెగటివ్‌ను చట్రం నిండా పట్టిస్తే అంగుళానికి సుమారు 4200 పిక్సెళ్లు పడతాయి. అంటే కూల్‌స్కాన్ స్థాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింటు వేయించుకోవచ్చు. ఇంట్లో తీసిన మామూలు ఫిల్ములో అంతకు మించిన వివరం ఉండటం అరుదు, ఆపైన కనబడేది ఫిల్ము గరుకుదనమే. కాబట్టి ఈ పనికోసం 45 మెగాపిక్సెళ్ల కెమెరా కొనక్కర్లేదు. చేతిలో ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ చాలు.

స్కానర్లకున్న ఒక మేలు మాత్రం కెమెరాకు లేదు. మంచి ఫిల్ము స్కానర్లు పరారుణ కిరణాలతో మరోసారి చదివి, దుమ్మునూ గీతలనూ గుర్తించి చెరిపేస్తాయి. కలర్ ఫిల్ములోని రంగులు ఆ కిరణాలను అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. కెమెరాతో చేసేవారు ఆ పని బ్లోయరుతో, ఓపికతో చేసుకోవాలి. బ్లాక్ అండ్ వైట్‌కు ఆ సదుపాయం స్కానర్లోనూ దక్కదు, వెండి కూడా పరారుణాన్ని ఆపేస్తుంది.

వెలుతురు

ఈ పనిలో డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు కెమెరా కాదు, వెలుతురు. రంగులను నిజాయతీగా చూపే వెలుగు కావాలి. ఎల్‌ఈడీ పలకల మీద సీఆర్ఐ అనే అంకె ఉంటుంది, అది 95 దాటితే మంచిది. చవక పలకల్లో ఎరుపు బలహీనంగా ఉంటుంది. ఆ లోటు ఒంటి రంగు మీద పడుతుంది, తర్వాత ఎంత దిద్దినా పోదు. ఫోను లేదా ట్యాబ్లెట్ తెరను వెలుతురుగా వాడవచ్చని చాలామంది అనుకుంటారు. ఫిల్మును తెర మీదే పెడితే తెరలోని చుక్కలు గళ్లుగా బొమ్మలో పడతాయి. రెండు మూడు సెంటీమీటర్లు పైకెత్తి, మధ్యలో పాలతెలుపు యాక్రిలిక్ ముక్క పెడితే పరీక్షకు పనికొస్తుంది. అసలు పనికి అది కూడా చాలదు.

మంచి పలక వాడినా ఫిల్మును దానికి ఆనించకూడదు. కొంత ఎడం ఉంటే పలక మీది దుమ్ము, గీతలు ఫోకస్ తప్పి కనబడకుండా పోతాయి. కొన్ని ఎల్‌ఈడీలు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటాయి. బొమ్మలో అడ్డంగా చారలు వస్తే కారణం అదే. షట్టర్ సమయం పెంచితే పోతాయి. బొమ్మ చుట్టూ మిగిలిన పలకను నల్ల కాగితంతో మూసేయాలి. పక్కల నుంచి వచ్చే వెలుతురు లెన్సులో చెదిరి బొమ్మలోని నలుపును బూడిదగా మారుస్తుంది. గదిలో దీపాలు ఆర్పేయాలి. తెల్ల చొక్కా వేసుకుని కెమెరా మీదికి వంగినా ఆ మెరుపు ఫిల్ము మీద కనిపిస్తుంది.

ఈ మధ్య కొందరు తెల్ల వెలుతురు బదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు మూడింటినీ కలిపి వాడుతున్నారు. దీని వెనక సరైన తర్కమే ఉంది. కలర్ నెగటివ్ మన కంటికోసం తయారుకాలేదు, ప్రింటు కాగితం కోసం తయారైంది. ఆ కాగితం మూడు రంగులనూ ఇరుకైన పట్టీల్లో విడివిడిగా చదువుతుంది. కెమెరా సెన్సర్ పట్టీలు వెడల్పు, ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ఇరుకైన మూడు వెలుగులు ఆ కలగాపులగాన్ని తగ్గిస్తాయి.

లెన్సు, ఎత్తు, సమతలం

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 1:1 వరకు, అంటే సెన్సర్ మీద అసలు సైజులోనే బొమ్మ పడేవరకు, వెళ్లే మాక్రో లెన్సు కావాలి. ఏపీఎస్-సీ సెన్సర్ చిన్నది, దానికి సుమారు 0.65 రెట్లు చాలు. మాక్రో లెన్సు లేకపోతే ఉన్న లెన్సుకు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలించవచ్చు, కాకపోతే అంచులు మెత్తబడతాయి. డార్క్‌రూమ్ ఎన్‌లార్జర్‌లోని లెన్సు దొరికితే దాన్ని బెల్లోస్‌కు బిగించవచ్చు. చదునైన నెగటివ్‌ను చదునైన కాగితం మీద పడేయడానికే పుట్టిన లెన్సు అది, ఇక్కడా ఆ గుణమే కావాలి. మూతపడ్డ స్టూడియోల్లో ఎన్‌లార్జర్లు ఇంకా కనిపిస్తుంటాయి. ఎన్‌లార్జర్ నిలువు కంబం మీది తల తీసేసి కెమెరా బిగిస్తే అంత గట్టి స్టాండు కొత్తది కొన్నా రాదు. దానితో వచ్చే నెగటివ్ క్యారియర్ కూడా ఫిల్మును చదునుగా పట్టుకుంటుంది.

లెన్సును ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య ఉంచాలి. వివరం పెరుగుతుందని ఎఫ్/16కి మూస్తే జరిగేది తలకిందులు. 1:1 దగ్గర లెన్సు రంధ్రం లెక్క రెట్టింపవుతుంది. ఎఫ్/8 ఎఫ్/16లా, ఎఫ్/16 ఎఫ్/32లా పనిచేస్తాయి. అంత చిన్న రంధ్రంలో కాంతి వంగి బొమ్మంతా మెత్తబడుతుంది. ఇక ఎఫ్/8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు మిల్లీమీటరు లోపే. ఫిల్ము కాస్త వంగినా, కెమెరా కాస్త ఒరిగినా ఒక మూల మసకబారుతుంది. దీనికి పాత కిటుకు ఒకటుంది. ఫిల్ము పెట్టే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలో చూడాలి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా బొమ్మ నడిమధ్యలో కనబడితే కెమెరా, ఫిల్ము సమాంతరంగా ఉన్నట్టే. తాపీమేస్త్రీల లెవెల్ గొట్టం కన్నా ఇది కచ్చితం.

ఫిల్ముకు రెండు ముఖాలుంటాయి. మెరిసేది ప్లాస్టిక్ వైపు, మసకగా ఉండేది బొమ్మ వైపు. మసక వైపును కెమెరాకు ఎదురుగా పెడితే ప్లాస్టిక్ మందం అడ్డు రాదు. బొమ్మ కుడి ఎడమలు మారి వస్తుంది, కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో తిప్పేయవచ్చు. తిప్పడం మరిచిపోతే వధూవరులు పక్కలు మారిపోతారు, దుకాణాల బోర్డుల మీది అక్షరాలు అద్దంలోలా కనిపిస్తాయి. ఫిల్మును గాజు మీద అదిమితే మెరుపు వైపు గాజుకు తగిలినచోట ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి. న్యూటన్ వలయాలంటే ఇవే. అందుకని అంచులు మాత్రమే పట్టుకునే చట్రం మేలు. చుట్టుకుపోయిన ఫిల్మును రెండు మూడు రోజులు బరువైన పుస్తకం కింద, మధ్యలో శుభ్రమైన కాగితం పెట్టి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

ఐఎస్ఓ అతి తక్కువ అంకె మీద, ఫోకస్ చేత్తో, ఫైలు రా (కెమెరా దిద్దకుండా ఇచ్చే) రూపంలో ఉండాలి. షట్టర్‌ను చేత్తో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు వాడితే కుదుపు ఉండదు. ఎక్స్‌పోజర్‌ను రీలు మొత్తానికి ఒకటే పెట్టుకోవాలి. బొమ్మలు లేని ఖాళీ అంచు నెగటివ్‌లోకెల్లా వెలుతురైన చోటు. అక్కడ ఎరుపు పొంగిపోకుండా చూసుకుంటూ, అంతవరకూ వెలుతురు పెంచవచ్చు. రీలు మొదట్లో ఆ ఖాళీ అంచును ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి. తర్వాత పనంతా దాని మీదే ఆధారపడుతుంది.

తిరగేయడం

ఫొటో ఎడిటర్‌లో 'ఇన్వర్ట్' నొక్కగానే నీలం పూసినట్టున్న, జీవం లేని బొమ్మ వస్తుంది. కొత్తవారు ఇక్కడే నిరాశపడి కెమెరానో ఫిల్మునో తప్పుబడతారు. తప్పు లెక్కది.

కలర్ నెగటివ్ అంతా నారింజ ఛాయలో ఉంటుంది, అది ఎందుకో ముందు తెలుసుకోవాలి. ఫిల్ములో మూడు పొరలున్నాయి. వాటిలో సయాన్, మెజెంటా, పసుపు రంగులు ఏర్పడతాయి. మెజెంటా ఆకుపచ్చ కాంతిని మాత్రమే ఆపాలి, కానీ నిజమైన రంగు పదార్థం నీలాన్నీ కొంత ఆపుతుంది. సయాన్‌కూ ఇలాంటి లోపమే ఉంది. దీన్ని అలాగే వదిలేస్తే ప్రింటులో రంగులు మురికిగా వస్తాయి. 1940లలో కొడాక్ శాస్త్రజ్ఞుడు వెస్లీ హాన్సన్ దీనికి తెలివైన విరుగుడు కనిపెట్టాడు. మెజెంటాను పుట్టించే పదార్థాన్నే ముందుగా లేత పసుపుగా తయారుచేశాడు. మెజెంటా ఏర్పడినచోట ఆ పసుపు పోతుంది, ఏర్పడనిచోట మిగులుతుంది. అలా నీలాన్ని ఆపే గుణం ఫిల్ము అంతటా సమానమైపోతుంది. సయాన్ పొరకు ఎర్రటి పదార్థంతో ఇదే ఏర్పాటు. ఆ పసుపు, ఈ ఎరుపు కలిసి మనకు నారింజగా కనిపిస్తాయి. లోపాన్ని తీసేయలేక, దాన్ని అంతటా ఒకేలా పరిచి, ప్రింటు వేసేటప్పుడు ఫిల్టరుతో కొట్టేసే ఉపాయం ఇది. 1972లో వచ్చిన సీ-41 కడుగుడు పద్ధతి ఇదే రకం ఫిల్మును ప్రపంచమంతా ఒకే తీరులో కడిగేలా చేసింది. ఏ ఊరి ల్యాబ్‌లో కడిగించినా నెగటివ్ అంతటా ఆ నారింజే.

కాబట్టి తిరగేయడంలో మొదటి మెట్టు ఆ నారింజను తీయడం. ఖాళీ అంచును తెలుపుగా చూపి వైట్ బ్యాలెన్స్ పెడితే అది పోతుంది. రెండో మెట్టు తిరగేసే లెక్క. మామూలు 'ఇన్వర్ట్' తీసివేత చేస్తుంది. ఫిల్ము నడిచేది భాగహారంతో. ఫిల్ము సాంద్రత ఒక అంకె పెరిగితే దాన్ని దాటి వచ్చే కాంతి పదోవంతుకు తగ్గుతుంది. అందుకని ఖాళీ అంచులోంచి వచ్చిన కాంతిని బొమ్మలోంచి వచ్చిన కాంతితో భాగించాలి. మూడో మెట్టు కాంట్రాస్టు. నెగటివ్‌ను కావాలనే పేలవంగా తయారుచేస్తారు, అందుకే అంత వెలుగునీడల తేడా దానిలో ఇముడుతుంది. ఆ పేలవత్వాన్ని ప్రింటు కాగితం భర్తీ చేసేది. ఇప్పుడా పని మనం చేయాలి. అదీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు విడివిడిగా చేయాలి, ఎందుకంటే మూడు పొరలూ వెలుతురుకు స్పందించే వంపులు ఒక్కటి కావు. పాత నెగటివ్‌లలో ఒక రంగు ఎక్కువ వెలిసి ఉంటే ఈ మెట్టులోనే దానికి చికిత్స.

ఈ లెక్కలన్నీ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో 2020లో చేరిన నెగాడాక్టర్ అనే భాగం ఖాళీ అంచు రంగును అడిగి తీసుకుని పని మొదలుపెడుతుంది. ఉచితమైన రాథెరపీలోనూ ఫిల్ము నెగటివ్ సాధనం ఉంది. లైట్‌రూమ్ వాడేవారు డబ్బు పెట్టి నెగటివ్ ల్యాబ్ ప్రో కొనుక్కుంటారు. అది వేగంగా, చూడచక్కగా ఇస్తుంది. నేర్చుకోవడానికి మాత్రం నెగాడాక్టరే మంచిది, ప్రతి మెట్టూ కంటికి కనబడుతుంది.

ఏ సాఫ్ట్‌వేరైనా తనంతట తాను రంగు నిర్ణయించేటప్పుడు బొమ్మలోని రంగులన్నీ కలిపితే సగటున బూడిద రావాలని ఊహించుకుంటుంది. మన ఫొటోల దగ్గర ఈ ఊహ ఘోరంగా తప్పుతుంది. పెళ్లికూతురికి మంగళస్నానం చేయించే ఫొటోలో ముఖం, చేతులు, చీర, నేల అంతా పసుపే. సగటు లెక్క ఆ పసుపును దోషమనుకుని తీసేస్తుంది. మిగిలేది పాలిపోయిన, నీలి ఛాయ కొట్టే మనుషులు. కుంకుమ, బంతిపూల తోరణాలు, ఎర్ర షామియానా కింద తీసిన ఫొటోలకూ ఇదే గతి. విరుగుడు ఒకటే. అదే రీలులో తెల్ల పంచెగానీ సున్నం గోడగానీ కనిపించే బొమ్మను ఎంచుకుని, దాన్ని చేత్తో దిద్ది, ఆ కొలతలనే రీలు మొత్తానికి వర్తింపజేయాలి. అన్నీ ఒకే ఎక్స్‌పోజర్‌తో తీసి ఉంటేనే ఇది కుదురుతుంది. చివరి తీర్పు ఒంటి రంగుది. ఇంట్లో చామనఛాయ మనిషిని సాఫ్ట్‌వేర్ తెల్లగా చేస్తే, ఆ బొమ్మ ఎంత అందంగా ఉన్నా తప్పే.

బ్లాక్ అండ్ వైట్‌లో ఈ బాధలేవీ లేవు. నారింజ లేదు, మూడు వంపులు లేవు. రంగు తీసేసి, తిరగేసి, కాంట్రాస్టు సరిచేస్తే అయిపోతుంది. వెలుతురు మాత్రం బాగా చెదిరినదై ఉండాలి. సూటి వెలుతురులో వెండి రేణువులు కాంతిని చెదరగొట్టి కాంట్రాస్టును పెంచుతాయి, గీతలనూ ఎత్తి చూపుతాయి.

దుమ్ము, బూజు, పెన్సిలు

రబ్బరు బ్లోయరుతో ఊదడం, మెత్తని యాంటీస్టాటిక్ బ్రష్‌తో తుడవడం, అంచులతోనే పట్టుకోవడం చాలావరకు సరిపోతాయి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. జిడ్డు వేలిముద్రలుంటే ప్లాస్టిక్ వైపు మాత్రం 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో సున్నితంగా తుడవవచ్చు. బూజు పట్టిన నెగటివ్‌ను నీళ్లలో ముంచకూడదు. బూజు తిన్న జెలటిన్ నీటికి కరిగిపోతుంది, బొమ్మ కడుక్కుపోతుంది. ఆరిన బూజును పొడిగానే తేలిగ్గా తుడిచి, వెంటనే కాపీ చేసుకోవాలి.

స్టూడియో నెగటివ్‌లలో ఇంకో సంగతి చూడాలి. పాత స్టూడియోల్లో టచింగ్ చేసేవారు సన్నని పెన్సిలుతో నెగటివ్ మీదే ముఖంలోని మచ్చలు, ముడతలు నింపేవారు. కొన్నిచోట్ల ఎర్రని రంగు కూడా పూసేవారు. వెలుతురు పలక మీద పెట్టి భూతద్దంతో చూస్తే చెంపల మీద ఆ చుక్కలు, కామాల్లాంటి గీతలు కనిపిస్తాయి. వాటిని మురికి అనుకుని ఆల్కహాల్‌తో తుడిస్తే పెన్సిలు పోతుంది, బొమ్మ మారిపోతుంది. ఆ గీతలు ఒక పనివాడి చేతి పనితనం, వాటిని అలాగే ఉంచి కాపీ చేయాలి.

ఫైళ్లు, పేర్లు

కెమెరా ఇచ్చిన రా ఫైలును ఎప్పటికీ దాచాలి. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే దాన్నుంచే మళ్లీ తిరగేసుకోవచ్చు. దిద్దిన బొమ్మను 16 బిట్ టిఫ్‌గా, పంచుకోవడానికి జేపెగ్‌గా దాచుకుంటే సరి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండేలా చూసుకోవడం ఫొటోగ్రాఫర్లు పాటించే పద్ధతి. కాపీ ఫైలు మీద పడే తేదీ కాపీ చేసిన రోజుది. దాన్ని మార్చకపోతే 1978 నాటి పెళ్లి కంప్యూటర్‌లో ఈ ఏడాది ఫొటోల మధ్య చేరుతుంది. కవరు మీద ల్యాబ్ రాసిన తేదీ, ఫిల్ము అంచున ఉన్న అక్షరాలు ఏడాది పసిగట్టడానికి ఉపయోగపడతాయి. వాటినీ ఒక ఫొటో తీసి అదే ఫోల్డర్లో పెట్టాలి.

అన్నిటికన్నా త్వరగా చేయాల్సింది పేర్లు రాయడం. ఫైలులోపలే వివరాలు రాసుకునే గడులుంటాయి, వాటిలో తెలుగులోనే రాయవచ్చు. తిరగేసిన బొమ్మలను టీవీలో పెద్దగా పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ ఊళ్లో ఎవరింట్లో తీసిందో అడిగి రాసుకోవాలి. ఫిల్మును చల్లగా పొడిగా ఉంచితే ఇంకా కొన్ని దశాబ్దాలు ఆగుతుంది. ఆ మనుషుల జ్ఞాపకం అంతకాలం ఆగదు. వెనక వరసలో నిలబడ్డావిడ మన తాతగారి చిన్నాన్న కూతురని చెప్పగలిగేవారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు.

హక్కుల సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి యజమానులు. కాబట్టి ఇంటి పెళ్లి నెగటివ్‌లను కాపీ చేసుకోవడానికి సంకోచం అక్కర్లేదు. ఫిల్ము ముక్క స్టూడియోలోనే ఉండిపోయిందంటే అది వేరే సమస్య. ఊళ్లో పాత స్టూడియో మూతపడుతోందని తెలిస్తే, దాని నెగటివ్ డబ్బాలు తుక్కు కింద పోకముందే వెళ్లి అడగండి.

కాపీ పూర్తయ్యాక నెగటివ్‌లను పారేయవద్దు. పీవీసీ కవర్లలోంచి తీసి, ఆమ్లం లేని కాగితపు కవర్లలోగానీ పాలిప్రొపైలిన్ కవర్లలోగానీ పెట్టి, అటక మీద కాకుండా ఇంట్లో అన్నిటికన్నా చల్లని, పొడి గదిలో ఉంచండి.